తడి ఆరేదాకా

కార్ల రంగుల మేస్త్రీ ఈ భూమ్మీద ఎవరినైనా క్షమిస్తాడేమోగానీ, తన భార్యకి అన్నయ్య అయిన బాకాని మాత్రం క్షమించడు. నోరు విప్పితే వీధి చివర పడుకున్న కుక్కలు కూడా లేస్తాయి కాబట్టి అతను బాకా. ఇద్దరూ కలిసి కొన్న స్థలాన్ని తన ఒక్కడి పేరునే రాయించుకుని, "నీ సగం ఎక్కడికి పోతుంది బావా, రేపు రాసిస్తా" అంటూ ఏళ్ల తరబడి అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నాడు.

అందుకే మేస్త్రీ ఒక ఎత్తు వేశాడు. కూతురికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టి, మొన్ననే ఇంటికొచ్చింది. బాకాకి పిల్లలంటే ప్రాణం. పసిగుడ్డును ఒళ్లో పెట్టి, మనసు కరిగినప్పుడు కాగితం ముందుకు తోస్తే సంతకం దానంతటదే పడుతుంది. తానే ఫోన్ చేసి రమ్మన్నాడు.

ఆస్పత్రి నుంచి కూతురు మోసుకొచ్చిన ఆంక్షలు వింటే అతనికి నవ్వొచ్చింది. చుట్టాలు గుంపుగా రాకూడదట. జలుబు ఉన్నవాళ్లు గుమ్మం తొక్కకూడదట. ముద్దులు వద్దట, జనంలోకి తిప్పకూడదట.

"మిమ్మల్ని మట్టిలో పొర్లించి పెంచాం. చచ్చారా?"

"నాకు నెలలు నిండాయి నాన్నా, దీనికి నిండలేదు. మనకి తుమ్ముతో పోయే జలుబు దీనికి ఊపిరాడనివ్వదు."

బాకా వస్తానన్న రోజు మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి, స్నానం చేసి, బట్టలు మార్చి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, మేస్త్రీ మొదటిసారి తీరిగ్గా మంచం పక్కన నిలబడ్డాడు. గుప్పెడంత ఛాతీ. లేస్తోంది, పడుతోంది, ఒక్క క్షణం ఆగుతోంది. అది ఆగినప్పుడల్లా అతని ఊపిరీ ఆగింది. కిటికీ వెలుతురు చెవి అంచులోంచి ఎర్రగా ఇవతలికి వస్తోంది. చిటికెన వేలికి గోరు కూడా ఉంది! ఇంత సన్నని పని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చేసినవాడెవడో గానీ, చేయి వణకలేదు.

కారుకి రంగు కొట్టాక తడి ఆరేదాకా మేస్త్రీ షెడ్డు తలుపు తీయడు. కారు ఓనరే వచ్చి తన్నినా తీయడు. ఒక్క నుసి చాలు, పనంతా బూడిదలో పోసినట్టే. ఈ ప్రాణానికి ఇంకా తడే ఆరలేదు.

"ఏదీ, నా మనవరాలేదీ!" మెట్ల మీద నుంచే కేక. వెంటనే ఖళ్ ఖళ్ మని దగ్గు.

మేస్త్రీ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "దగ్గేంటి బావా?"

"దారంతా దుమ్ము." బాకా ముక్కు తుడుచుకుని, అదే చేత్తో చొక్కా జేబు తట్టాడు. "నీ సగం రాసిన కాగితం నేనే తెచ్చా. పిల్లదాన్ని ఒక్కసారి ఎత్తుకుని పెట్టేస్తా సంతకం. తప్పుకో."

మేస్త్రీ కాళ్లు తప్పుకోబోయాయి కూడా. లోపల పిల్ల నిద్రలో చిన్నగా నిట్టూర్చింది.

"దగ్గు తగ్గాక రా బావా."

"నువ్వే కదయ్యా పిలిచావు!"

"పిలిచింది నేనే, బుద్ధి లేక. లోపలికి మాత్రం రాకు."

"ముట్టుకోనులే. దూరం నుంచి మాట్లాడిస్తా."

"నువ్వు దూరం నుంచి మాట్లాడితేనే నా మొహం తడిసింది."

"అన్నయ్యా, కోపం తెచ్చుకోకు," అంది లోపలి నుంచి మేస్త్రీ భార్య. అంతేగానీ, రమ్మని ఆమె కూడా అనలేదు.

బాకా కాగితం తీశాడు. అడ్డంగా చించాడు, నిలువుగా చించాడు. "నీకు స్థలమూ లేదు, నాకు చెల్లెలూ లేదు!" దగ్గుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ముక్కలు ఏరబోతుంటే కూతురు పిలిచింది. "ఎత్తుకుంటావా నాన్నా? చేతులు కడుక్కునిరా."

"ఇందాకే కడిగాగా!"

"మామయ్యతో మాట్లాడావుగా. మొహం కూడా కడుక్కో. చొక్కా మార్చు."

చెప్పినవన్నీ చేశాడు. అరచేతుల్లో పెడితే బరువే తెలియలేదు, వెచ్చదనం మాత్రం తెలిసింది. రంగు మరకలు వదలని అతని వేలిని పిల్ల కళ్లు తెరవకుండానే పట్టుకుంది. వదలలేదు. అతనూ కదలలేదు, ఊపిరి కూడా మొహం పక్కకు తిప్పి వదిలాడు.

బాకాని అతను ఇప్పటికీ క్షమించలేదు. రోడ్డు మీది మూల స్థలం, తన వాటా, నూట డెబ్బై రెండు గజాలు.