స్పాంజిని తిన్నదెవరు

చేపల ప్రదర్శనశాలలో సముద్రజీవులైన స్పాంజిల తొట్టి బాధ్యత ఆమెది. ఆ తొట్టికి మేత వేసే పనిలో తన చెల్లెలి మొగుణ్ణి పెట్టించింది కూడా ఆమే. అందుకే పసుపు స్పాంజి మీద తెల్లటి మచ్చలు కనిపించగానే అతణ్ణి అందరి ముందూ నిలదీసింది. పరాయివాళ్ళనైతే మెల్లగా అడిగి ఊరుకునేదేమో.

"దానికి నోరుందా, పొట్ట ఉందా? ఒంటి నిండా ఉన్న చిల్లుల్లోంచి నీళ్ళు లాక్కుని, అందులోని నలుసంత తిండి వడగట్టుకుని బతుకుతుంది. నువ్వు మేతగా పాచినీళ్ళు పోయకపోతే ఏం తింటుంది, గాలా?"

"పోస్తూనే ఉన్నాను వదినా."

"పోస్తే ఇలా ఎందుకు చస్తుంది? సిఫార్సు మీద వచ్చినవాడికి పని మీద భయమెక్కడుంటుంది!"

పంపులు బాగుచేసేవాళ్ళు పని ఆపి చూశారు. మేత సీసా పట్టుకుని అతను తల వంచుకున్నాడు. మాట తూలానని ఆమెకూ తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

చెల్లెలు ఫోనెత్తడం మానేసింది. కోపమొచ్చిందనుకుందామె.

మచ్చలు పెరుగుతూనే ఉన్నాయి. ఒకరోజు తొట్టి అద్దం తుడుస్తుంటే స్పాంజి అంచున ఒక మడత కదిలింది. భూతద్దం పెట్టి చూస్తే అది మడత కాదు, పెంకులేని సముద్రపు నత్త. అచ్చం స్పాంజి రంగే. తింటున్నచోటే రిబ్బనులా గుడ్లు కూడా పెట్టింది.

తొట్టిలో అమర్చడానికి కొత్త సముద్రపు రాయి వస్తే కొన్నాళ్ళు విడిగా ఉంచి, పురుగూ పుట్రా లేవని చూసుకున్నాకే తొట్టిలో పెట్టాలి. సెలవులకు జనం వస్తారని, తొట్టి నిండుగా కనిపించాలని ఆమె మచ్చలు రాకముందు ఒక కొత్త రాయిని తెచ్చిన వెంటనే పెట్టేసింది. నత్త దానితోనే వచ్చింది.

ఆమె చుట్టూ చూసింది. గుడ్లు గీకేసి, నత్తను సీసాలో వేసి, చేతిసంచిలో దాచింది. ఎవరూ చూడలేదు. మచ్చలు మానితే, తన తిట్లకే మరిది దారికొచ్చాడనుకుంటారు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుతో చితికిపోయింది.

భోజనాలవేళ సీసా తీసుకెళ్ళి అందరి మధ్యా బల్ల మీద పెట్టింది. "స్పాంజిని తిన్నది ఇదే. దీన్ని తొట్టిలోకి తెచ్చింది నేను. మరిది తప్పేం లేదు. నోటికొచ్చినట్టు అన్నాను."

"దొంగ దొరికిందన్నమాట," అన్నాడు పంపుల మేస్త్రి. ఎవరూ నవ్వలేదు.

మరిది గిన్నె మూత పెట్టాడు. "మీ చెల్లెలికి కూడా చెప్పండి వదినా. పని ఎగ్గొట్టి అక్క పరువు తీశావని రోజూ నన్ను దెప్పుతోంది. మీకు మొహం చూపించలేకే ఫోనెత్తట్లేదు."

ఆ సాయంత్రం తలుపు తీసిన చెల్లెలు కళ్ళు దించుకుంది. "అక్కా, మా ఆయన వల్ల నీకు తలవంపులు..."

"ఆపవే," అంది ఆమె, గుమ్మం బయటే నిలబడి. "ముందు నేను చెప్పేది విను. ఆ తరవాత లోపలికి రమ్మంటావో లేదో నీ ఇష్టం."