ఎడమ జేబు

చనిపోయిన భార్య మడతచాకును అతను కుడి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. సానపట్టే బావమరిది దాన్ని తెరిచి మూసి చూశాడు.

"బరువు తెలియదు, తెరిస్తే కదలదు. జేబు చాకంటే ఇదీ! దీనికేం రోగం బావా?"

"దానంతటదే తెరుచుకుంటోంది. నిన్న తొడ కోసింది. బిగించు."

"బిగువుగానే ఉంది. ఎవరో తీస్తే తప్ప రాదు." బావమరిది అంచును వెలుగుకు పట్టి నవ్వాడు. "సాన నువ్వే పట్టేశావుగా! అదీ ఎడమచేతి వాటం, అచ్చం మా అక్కలాగే."

అతను కుడిచేతివాడు. ఆమె పోయిన ఈ మూడేళ్ళలో ఆ చాకుకు సానరాయి తగలనేలేదు.

చాకు తీసుకుని, మడిచి ఎడమ జేబులో వేసుకున్నాడు. ఇంటిదాకా అది తెరుచుకోలేదు. ఆ జేబులో చెయ్యి పెట్టడానికి మాత్రం అతనికి ధైర్యం చాలలేదు.