ఒకటో నంబరు చీటీ

రేవుగూడెం ఓటర్లు పొద్దున్నే జలాశయంలోంచి నడిచివచ్చి వరసలో నిలబడతారు. ఆనకట్ట కట్టాక ఊరు మునిగింది గానీ జనం ఊళ్ళోనే ఉండిపోయారు. ఓట్లూ అక్కడే ఉన్నాయి. అందుకని పోలింగ్ బూత్‌ను ఒడ్డున రేకుల షెడ్డులో పెట్టారు.

ప్రిసైడింగ్ ఆఫీసర్ వకుళకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. నీళ్ళలో బతికేవి ఆమెకు కొత్త కాదు. ఆమె దిగులల్లా సిరా గురించే. తడి వేలికి సిరా పట్టదు. అందుకే సిరా గీసే ధర్మారావు తన తువ్వాలు ఇచ్చి ఒక్కొక్కరి చేతా వేలు తుడిపిస్తున్నాడు. పిండిన తువ్వాల్లోంచి పడ్డ చేపపిల్లలు అతని కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. అతను చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు.

దేశాధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకోవడం ఇదే మొదలు. ఎవరు గెలుస్తారోనని రాజధానిలో గొంతులు చించుకుంటున్నారు. రేవుగూడేనికి వేరే బెంగ ఉంది. ఊళ్ళో ఒక్క ఓటు తగ్గినా ఈ బూత్ ఎత్తేసి పక్కూళ్ళో కలిపేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. బూత్ పోతే రేవుగూడెం అనే మాట ఇక ఎక్కడా వినిపించదు. ఊరు మునిగిన రోజున పైకి తేలింది ఆ పేరొక్కటే మరి.

అంత ఎండలోనూ ఎవరూ విసుక్కోరు. ముందువాడు కదిలితే కదులుతారు, ఆగితే ఆగుతారు. వకుళ మంచినీళ్ళు తెప్పించి ఇవ్వబోతే నవ్వుతారు.

"మాకెందుకండీ, ఊళ్ళో బోల్డున్నాయి."

పొద్దు వాలుతుంది. ఆరింటికి పోలింగ్ ఆపాలి. ఆపాటికి వరసలో ఉన్నవాళ్ళందరికీ నంబరు చీటీలు ఇవ్వాలి. తల దగ్గర్నించి కాదు, తోక దగ్గర్నించి. ఆఖరి మనిషికి ఒకటో నంబరు. అలా ఇస్తేనే ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనకాల చేరరు. చీటీ లేనివాళ్ళకు ఓటు లేదు. వకుళ చీటీల కట్ట పట్టుకుని వరస తోక వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

చాంతాడంత వరస అంటారు కదా, ఇది సరిగ్గా అలాగే ఉంది. చాంతాడు బావిలోకి దిగినట్టు నేరుగా జలాశయంలోకి దిగిపోయింది.

"మీకు ఈతొచ్చాండీ మేడమ్?" అని అరుస్తాడు ధర్మారావు.

"రాదు."

"అయితే నడిచే ఎల్లండి. ఈదితే చీటీలు తడిసిపోతాయి."

మాట సబబుగానే ఉంది. వకుళ నడుచుకుంటూ దిగుతుంది. లోపల తారురోడ్డు బాగానే ఉంది. వెలుగు కాస్త పచ్చగా ఉంది. వరసలో వాళ్ళు ఆమెకు దారిచ్చి, ఖాళీ అయిన చోటు చెదరకుండా మళ్ళీ సర్దుకుంటారు. రైస్‌మిల్లు దగ్గర మంగలి వరసతోపాటే నడుస్తూ మగవాళ్ళకు గడ్డాలు గీస్తున్నాడు.

"ఇప్పుడా?" అంటుంది వకుళ.

"దేశానికి పెద్దని ఎంచుకోడానికి మాసిన గడ్డాలతో ఎల్తామేంటండీ," అంటాడతను.

వకుళకు కన్నీళ్ళు వస్తాయి. నీళ్ళలో అవి ఎవరికీ కనపడవు. ఇంటి కప్పు మీదుగా పడవలు పోతున్నా ఓటు మాత్రం తలదువ్వుకుని వచ్చి వేసే ఈ మనుషుల ముందు తన కాలేజీ, తన చదువు ఆమెకు చాలా చిన్నవిగా అనిపిస్తాయి. పైనున్న షెడ్డులో గడియారం ఆరుకు దగ్గరపడుతూంటుంది. ఆమె అడుగు వేగం పెంచుతుంది.

ఊరి చివరింటి ముందు మాణిక్యాలమ్మ అనే ముసలావిడ తలుపుకి తాళం వేస్తోంది. వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుని వరసలో నిలబడుతుంది.

"ఆఖరి మనిషి మీరేనా మామ్మగారూ?"

"నేనెందుకవుతానండీ. నా ఎనకాల ఏరుంది కదా."

వకుళ తొంగి చూస్తుంది. నిజమే. మామ్మగారి వెనకాల నది నిలబడి ఉంది. తొక్కిసలాట లేకుండా, ఒక అడుగు ఎడంగా, చేతులు కట్టుకుని ఉంది.

"నదికి ఓటెక్కడిది మామ్మగారూ?"

"ఊరు ముంచేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదండి. దాన్నీ అడగలేదు. అడగని మాకు ఓటుంటే, అడగని దానికెందుకుండదు? మాకంటే ముందునుంచీ దానికి ఇక్కడే కాపురం. ఒక్క ఓటు తగ్గినా బూతు ఎత్తేత్తారంట. దాన్నొదిలేత్తే తగ్గేది ఆ ఒక్కటే."

వకుళ నిబంధన మనసులో మళ్ళీ చదువుకుంటుంది. వరసలో ఉన్నవాళ్ళందరికీ అని నిబంధన ఉంది. మనుషులందరికీ అని లేదు. పైన ఆరు కొట్టడం మొదలవుతుంది. వకుళ ఒకటో నంబరు చీటీ నదికి ఇస్తుంది. నది రెండు చేతులా అందుకుంటుంది. చీటీ తడవదు.

రెండో నంబరు మాణిక్యాలమ్మకు ఇచ్చి, మిగతావి పంచుకుంటూ వకుళ ఒడ్డుకి వస్తుంది. వరస కదులుతుంది. దానితోపాటు నదీ కదులుతుంది. ముందు రైస్‌మిల్లు పొగగొట్టం బయటపడుతుంది, తర్వాత ఇళ్ళ కప్పులు, తర్వాత గడపలు. మాణిక్యాలమ్మ ఇంటి తాళం నీరెండలో మెరుస్తుంది. ఆవిడ వెనక్కి తిరిగి చూసుకోదు, ఓటు ముందు కదా. వేలు తుడుచుకుని, గీత గీయించుకుని, మీట నొక్కుతుంది. యంత్రం కూస్తుంది.

తర్వాత నది తల వంచి షెడ్డులోకి వస్తుంది. ధర్మారావు అలవాటు కొద్దీ తువ్వాలు ఇస్తాడు. నది ఎంత తుడుచుకున్నా తడి పోదు.

"పట్టదండీ మేడమ్," అంటాడు బెంగగా.

"గీయండి. పడుతుంది."

అతను గీస్తాడు. పడుతుంది. నది మీట నొక్కి, మాణిక్యాలమ్మకు దారిచ్చి, ఆవిడ వెనకాలే బయటికి వెళుతుంది. "రేవుగూడెం. అందరూ వేశారు," అని వకుళ పైవాళ్ళకు ఫోన్‌లో చెబుతుంది.

మాణిక్యాలమ్మ కొంగుముడి విప్పుకుంటూ పొడినేల మీద ఇంటికి నడుస్తుంది. ఊదారంగు గీత నది వెంట ఆనకట్ట దాటి, రాజధాని వంతెనల కిందుగా పోతుంది. ఎంత పారినా చెరగదు. చివర సముద్రంలో, ఒడ్డుకి వచ్చే ప్రతి అల సిరా గుర్తున్న వేలు పైకెత్తి చూపించి, పక్కకు తప్పుకుని వెనకదానికి దారిస్తుంది.