పన్నెండు గడపల ముగ్గు

డబల్ బెడ్రూం ఇండ్ల డ్రాలో బాలలక్ష్మి చీటీ మొదటి విడతలోనే లేచింది. రామయ్యపల్లె ఫంక్షన్ హాల్లో మైకులో ఆమె పేరు చదవగానే, పక్కన కూర్చున్న నవనీత ఆమెకంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది. ఆ తరువాత సాయంత్రం దాకా కూర్చున్నా నవనీత పేరు రాలేదు. వెయిటింగ్ లిస్టులో మాత్రం మొట్టమొదటి పేరు ఆమెదే. మొదటి పేరంటే ఇల్లు చేతికొచ్చినట్టే అని అందరూ అన్నారు. అనేవాళ్లకేం పోయింది?

ఇద్దరూ పద్దెనిమిదేండ్లుగా పక్కపక్క గదుల్లో కిరాయికి ఉంటూ, ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టారు. ఒకరి చాటలో తంబాకు అయిపోతే ఇంకొకరు అడగకుండానే గుప్పెడు పోసేవారు. బాలలక్ష్మికి మొగుడు పోయి పదేండ్లు, పిల్లల్లేరు. నీకెవరున్నారని ఎవరైనా అడిగితే "నవనీత ఉంది" అని చెప్పేది. అంతకుమించి వివరం ఇవ్వాలని ఆమెకెప్పుడూ తోచలేదు.

తాళంచెవులు ఇచ్చిన రోజు ఆఫీసు నుంచి భవ్యశ్రీ అనే చిన్న మేడం వచ్చింది. "ఆరు నెలల్ల అందరు దిగాలె. సర్వే చేస్తం. ఎవ్వరు ఉంటలేరని తేలితే ఆ ఇల్లు క్యాన్సల్ చేసి లిస్టుల ఉన్నోళ్లకు ఇస్తం" అని గట్టిగా చెప్పింది. చాలామంది వినీ విననట్టు ఉన్నారు. బాలలక్ష్మి మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

కాలనీ ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, కాలువ వంతెన దాటాక ఉంది. వరుసకు పన్నెండు ఇండ్లు. బాలలక్ష్మిది ముందు వరుసలో ఆరోది. వెనక వరుసలు నిండాయి గానీ వాటి వాకిళ్లు అటువైపు; ఆమె వరుసలో దిగింది ఆమె ఒక్కతే. ఒకాయనకు ఊళ్లో మేడ ఉంది, అయినా ఇక్కడ ఇల్లొచ్చింది, ఎట్లా వచ్చిందో ఆయన్నే అడగాలి. ఇంకొకరు దుబాయిలో ఉన్నారు. ఒకామె మంచి ముహూర్తం కోసం చూస్తోంది, ఇంకొకామెకు పిల్లల బడి దూరం. ఎవరి కారణం వాళ్లకు బాగానే ఉంది, తాళాలు మాత్రం తుప్పు పడుతున్నాయి.

"రెండు అర్రలున్నయి గదా, నాతోనే ఉండుండ్రి" అని నవనీతను ముందే అడిగి చూసింది. నవనీత మొగుడు పరశురాములు ఒప్పుకోలేదు. "ఇంకొకల ఇంట్ల ఎన్నొద్దులని ఉంటం వదినె? మాకూ వస్తది గదా" అన్నాడు. మంచివాడే, మొండివాడు.

కొత్త ఇంట్లో అన్నీ ఉన్నాయి. తిప్పితే నీళ్లు, నొక్కితే లైటు, కాలికి చల్లగా తగిలే బండలు. పక్కన మాట్లాడే మనిషే లేదు. అరుగు మీద నలుగురితో కలిసి కూర్చుంటే వెయ్యి బీడీలు ఎట్లా అయ్యాయో తెలిసేది కాదు. ఇక్కడ ఏడువందలకే వేళ్లు మొరాయించేవి. నవనీతకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చాట పక్కన ఉంచుకునేది. అవతల అరుగు మీది నవ్వులు వినిపించేవి. ఎందుకు నవ్వుతున్నారో చెప్పేలోగా అక్కడ వేరే ముచ్చట మొదలయ్యేది. కొన్నాళ్లకు ఫోన్ చేయడం తగ్గించింది. చేసి పెట్టేశాక ఇల్లు మరింత ఖాళీగా అనిపించేది మరి.

అన్నిటికంటే ఆమెను పీడించింది ఆ గడపలు. పొద్దున్నే తలుపు తీస్తే అటు అయిదు, ఇటు ఆరు, ఒక్కదాని ముందు కూడా ముగ్గు లేదు. ఇంట్లో మనిషి పోతేనే కదా దినాలయ్యే దాకా వాకిట్లో ముగ్గు పడనిది. పదకొండు ఇండ్లలో పదకొండు చావులు జరిగినట్టు, తానొక్కతే మిగిలినట్టు ఆమెకు భయమేసేది.

ఒకనాడు ఉండబట్టలేక పక్కనున్న ఏడో ఇంటి ముందు పేడనీళ్లు చల్లి ముగ్గేసింది. ఆ ఇల్లు దుబాయి వాళ్లది. ఎప్పటికైనా క్యాన్సల్ అవుతుందని, అది నవనీతకే వస్తుందని ఆమె మనసులో రాసిపెట్టుకున్న ఇల్లు. ఆ పూట ఎంతో తేలిగ్గా ఉంది. మరునాడు అయిదో ఇల్లు, ఆ తరువాత ఎనిమిదోది. రెండు వారాలు తిరిగేసరికి పన్నెండు గడపలూ కళకళలాడాయి. ముగ్గు వేస్తూ లేని మనుషులతో మాట్లాడేది. "ఇంక లేస్తలేవా? పొద్దెక్కింది" అని ముహూర్తం ఆమెను కసిరేది. మేడాయన వాకిట్లో కావాలనే చిన్న ముగ్గు పెట్టేది. ఇది పిచ్చేనని ఆమెకూ తెలుసు. అయినా ఆ అరగంటే ఆమెకు రోజంతటిలో నలుగురిలో ఉన్నట్టుండేది.

వానాకాలంలో నవనీత ఫోన్ చేసింది. "అక్కా, గదులు కూలగొట్టి షాపులు కడుతరట. దసరా లోపల ఖాళీ చెయ్యమన్నడు ఇంటాయన. ఇల్లు రాకపోతే బొంబాయి దిక్కు భీవండి పోవాలె. మా అన్న గుడ్డలు నేసే సాంచెల కాడ ఈయనకు పని చూసిండు."

"ఏం ఫికర్ చెయ్యకు. గీ నెలల్నే సర్వే ఉన్నది. పదకొండు ఇండ్లకు తాళాలే ఉన్నయి. నీకు రాక ఎవలకొస్తది?" అంది బాలలక్ష్మి. ఆ మాట అంటూ ఆమె నిజంగానే నవ్వింది.

సర్వేకు వచ్చిన రోజు ఆమె ఇంట్లో లేదు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. వాళ్లు వచ్చిపోయారని వెనక వరుస వాళ్లు చెబితే తెలిసింది. వారం ఆగి, నవనీతను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది.

భవ్యశ్రీ ఓపికగా ట్యాబులో వెతికింది. "వెనక వరుసలు నిండినయి, మీ వరుసల గూడ ఖాళీ ఇల్లే లేదు గదమ్మా. పన్నెండుకు పన్నెండు మంది ఉంటున్నరు."

"ఎవలు ఉంటున్నరు మేడం? తాళాలు చూడలేదా?"

"చూసినం. పొద్దున పనికి పోయేటోళ్లు తాళమేసే పోతరు గదా. అన్ని ఇండ్ల ముందట సాన్పి చల్లి ముగ్గులున్నయి. పీనుగు లేచిన ఇంటికి తప్ప ముగ్గు లేని ఇల్లుంటదా మన దిక్కు? చూడుండ్రి, ఫొటోలు గూడ తీసిన." ట్యాబును వాళ్ల వైపు తిప్పింది.

ఒక్కో ఫొటోనూ వేలితో జరుపుతుంటే నవనీత వంగి చూసింది. నాలుగు రేకుల పువ్వు, నడుమ చుక్కకు బదులు చిన్న సున్నా. "బీడీ మూతి పెట్టినవా అక్కా" అని ఆ సున్నాను ఆమె పద్దెనిమిదేండ్లుగా ఎక్కిరించింది. మూడు ఫొటోలు దాటాక చూడటం మానేసింది.

"అవి నేనే ఏసిన మేడం" అంది బాలలక్ష్మి. "అండ్ల ఎవ్వరు లేరు. అన్ని నేనే ఏసిన."

భవ్యశ్రీ ట్యాబు పక్కన పెట్టింది. "లిస్టు పైకి పోయిందమ్మా. దరఖాస్తు ఇయ్యుండ్రి, నేను మళ్ల రాస్త. కని ఇంకో సర్వే అంటే వచ్చే ఏడాదే. గీ లోపల నా చేతుల ఏం లేదు." ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదని బాలలక్ష్మికి అనిపించింది.

దరఖాస్తు ఇచ్చి ఇద్దరూ బయటికొచ్చారు. రోడ్డు మీద సుల్తానాబాద్ బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. నవనీత ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయింది.

"ఎందుకేసినవక్కా?"

"ఒక్కదాన్ని ఉండలేకపోయిన చెల్లె. తలుపు తీస్తే భయమైతుండె."

నవనీత కొంగుతో మొఖం తుడుచుకుంది. తిట్టలేదు. తిడితే పడాలనే బాలలక్ష్మి ఎదురుగా నిలబడింది.

"ఒక్క గడపన్న ఇడిచిపెట్టకపోతివి," అంది నవనీత చివరికి. "గా ఏడో ఇల్లన్న. అది నాదే అంటుంటివి గదనే."

"నీదనే," అంది బాలలక్ష్మి, "అన్నిటికంటె ముందుగాల దానికే ఏసిన."