రెండో వైపు ఐదో పాట

నేను ఒక పాటల క్యాసెట్‌ను. అరచేతిలో ఇమిడేంత నల్లటి డబ్బాను. నా కడుపులో సన్నటి గోధుమరంగు పట్టీ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దాని మీద ఒక మధ్యాహ్నం ఉంది. ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప నాకు వేరే ఆస్తి లేదు. గొప్పకు చెప్పడం లేదు. మనుషుల్లో చాలామందికి అది కూడా ఉండదు.

నేను పుట్టింది పట్నంలో, ఒక ఇరుకు గదిలో. అక్కడ ఒక తల్లి క్యాసెట్ పాడుతుంటే పది మిషన్లలో మేం పదిమందిమి నోరు మూసుకుని విన్నాం. విన్నది విన్నట్టు పట్టుకోవడమే మా పుట్టుక. తర్వాత అందరికీ ఒకే కాగితం తొడిగారు. కాగితం మీద డప్పు పట్టుకున్న మనిషి బొమ్మ. కింద అక్షరాలు: లింబాద్రి సభ పాటలు. రచన, గానం లింబాద్రి.

ఈ లింబాద్రి నిజామాబాద్ జిల్లా మనిషి. పాట తనే కట్టి తనే పాడేవాడు. గొంతు మంచిది. ఆ మాట అనకపోతే నా నోరు పడిపోతుంది. నాకంటే ముందు అతనివి రెండు క్యాసెట్లు వచ్చాయి. తలుపులు మూసుకుని, దగ్గు కూడా రాకుండా పాడినవి. వాటిని ఎవరూ అడగలేదు.

నేను అట్లా కాదు. నాలో ఉన్నది బీడీ కార్మికుల సభ. పసుపు మార్కెట్ యార్డులో, ఎండిన కొమ్ములు పోసే గచ్చు మీద జనం కూర్చున్నారు. మైకు సెట్టు ఆయన తన సరదాకు టేపు పెట్టాడు. అందుకని నాలో పాటలొక్కటే లేవు. డప్పు మెత్తబడితే గడ్డి మంట మీద కాచిన చిటపటలున్నాయి. పసిపిల్ల ఏడుపుంది. "బండి అడ్డం తియ్యుండ్రి" అని ఎవరో అరిచిన అరుపుంది. పాటకూ పాటకూ నడుమ లింబాద్రి గొంతు సవరించుకుని చెప్పిన ముచ్చట్లున్నాయి. జనం నన్ను కొన్నది వాటి కోసమే. తాము కూర్చున్న చోటు తమకు మళ్లీ వినిపిస్తే మనిషికి ఎంత సంబరమో నేను చూశాను.

అన్నిటికంటే ఎక్కువగా వాళ్లు విన్నది రెండో వైపు ఐదో పాట. ఆ పాట కథే నా కథ.

అది బీడీలు చుట్టే ఆడవాళ్ల పాట. సభకు ముందటి వానాకాలం లింబాద్రి ఒక బీడీ కార్ఖానాకు వచ్చి, వారం రోజులు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుడుతూ పాడుకుంటుంటే విన్నాడు. ఆ పల్లవి, ఆ వరస పట్టుకుని మూడు చరణాలు తను కట్టాడు. మంచి చరణాలే. అతను వెళ్లిపోయాక అదే కార్ఖానాలో గంగామణి అనే ఆమె అదే పల్లవికి ఇంకో చరణం కట్టింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. కట్టానని కూడా అనుకోలేదు. చేతులు పనిలో ఉంటే నోటికి వచ్చింది. మర్నాటికి కార్ఖానా అంతా పాడింది. అక్కడి ఆచారం అంతే. చరణం ఎవరిదని అడగరు. పాడే గొంతుకు పక్క గొంతు కలుస్తుంది, పాట పెద్దదవుతుంది.

సభ రోజు గంగామణి ఆడవాళ్ల నడుమ కూర్చుంది. లింబాద్రి ఐదో పాట ఎత్తుకున్నాడు. మూడు చరణాలూ అయ్యాయి. పల్లవి పాడి ఆగాడు. అతని లెక్కకు పాట అయిపోయింది. గంగామణి లెక్కకు కాలేదు. పాపం, మరిచిపోయాడనుకుంది. అది అతను వెళ్లాక పుట్టిన చరణమని ఆమెకు తట్టనే లేదు. నలుగురిలో చిన్నబోతాడని, కూర్చున్న చోటి నుంచే గొంతెత్తి అందించింది.

ఆకు చుట్టి చుట్టి అక్క ఏలు అరిగె
ఏలు అరిగి అరిగి గీత మాసిపాయె
గీత లేని ఏలు ఎవ్వలిదని అడిగితె
పొగనడుగుమనవే, తాగెటోన్నడుగుమనవే

యార్డంతా ఊపిరి బిగబట్టింది. ఆ కాసేపటి నిశ్శబ్దం కూడా నాలో ఉంది. తర్వాత డప్పు లేచింది. లింబాద్రి గడుసువాడు. ఒకసారి విన్నాడు, రెండోసారి ఆమెతో కలిసి పాడాడు. పాట ముగిశాక మైకులో అన్నాడు:

"మర్చిపోతి అక్కా! నా చరణం నాకే అందిచ్చినవ్. నీ కాల్మొక్త!"

జనం విరగబడి చప్పట్లు కొట్టారు. 'నా చరణం' అన్న మాట ఆ చప్పట్ల కింద పడి ఎవరికీ పట్టలేదు. నాకు పట్టింది. వినడం తప్ప నాకు వేరే పని లేదు కదా.

నన్ను గంగామణి దగ్గరికి తెచ్చింది లసుంబాయి. ఆమె పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. నోటికి తాళం లేని మనిషి. బస్టాండులో నన్ను కొని, పరుగున కార్ఖానాకు వచ్చింది.

"ఒసేయ్ గంగా, నీ గొంతు బస్టాండ్ల అమ్ముతుండ్రే! మిర్చిబజ్జీల బండి పక్కపొంటి!"

టేపు రికార్డరులో నన్ను వేశారు. గంగామణికి తన గొంతు తనకే కొత్తగా తోచింది.

"గిది నేనా లసుమక్కా? గింత సన్నగుంటదా నా గొంతు?"

"సన్నగనా? మీ అత్తతోని పంచాయితి పెట్టుకున్ననాడు ఇనాలె."

అందరూ నవ్వారు. లసుంబాయికి అక్షరాలు కొద్దిగా వచ్చు. నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ పేరు లేదేందే దీంట్ల?"

"లింబాద్రి తమ్మికి యాదికుండదా? మళ్లొక్కపారి ఏసినప్పుడు పెడతడు తియ్యి."

ఆ మళ్లొక్కసారి కోసం గంగామణి ముప్పై ఏళ్లు చూసింది.

అన్నేళ్లూ నేను ఆమె దగ్గరే ఉన్నాను. నా ఒక వైపు అయ్యేసరికి ఆమె చాటలో రెండు కట్టల బీడీలు తయారయ్యేవి. తంబాకు దుమ్ము నా మీద పడితే కొంగుతో తుడిచేది. ఆమె ఊపిరితిత్తుల్లో పడ్డదాన్ని తుడిచేవాళ్లు లేరు. మెల్లగా దగ్గు పట్టుకుంది. దగ్గుతోపాటు గొంతు పోయింది. మొదట పై వరసలు పోయాయి. తర్వాత పాట పోయింది. చివరికి మాట మాత్రం మిగిలింది, అదీ బొంగురుగా.

లింబాద్రి పెద్దవాడయ్యాడు. ఐదో పాటను పట్నంలో మంచి గదిలో మళ్లీ పాడాడు, నాలుగో చరణంతో సహా, తనొక్కడే. జనం దాన్ని పక్కకు పెట్టారు. "అక్క ఏది?" అన్నారు. మళ్లీ సభ పాటకే వచ్చారు. నా కాలం పోయి సీడీలు వచ్చాయి, అవీ పోయి ఫోన్లు వచ్చాయి. ఆ మధ్యాహ్నం మాత్రం పోలేదు. అప్పటికి పుట్టని వాళ్లు కూడా చెవుల్లో పెట్టుకుని వింటున్నారు. ఆ అక్క ఎవరోగాని, అని మురుస్తున్నారు. 'ఎవరో' అన్న మాటలో మనుషులకు ఒక తీపి ఉంది. ఎవరో తెలిస్తే ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది.

గంగామణి కోడలు రజిత. మంచి పిల్ల. జొన్నరొట్టెలు చేస్తూ ఫోన్లో ఆ పాటే వినేది.

"ఎంత మంచిగ అందిచ్చిందో సూడు అత్తమ్మా. గసొంటి మనుషులు ఇప్పుడు లేరు."

"అది నేనే బిడ్డా."

"ఊకో అత్తమ్మా. ఎవ్వలన్న ఇంటె నవ్వుతరు."

కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నది. అందుకే అది లోపలికి దిగింది. లసుంబాయి చెప్పినా, స్నేహం కొద్దీ అంటున్నదని నవ్వేసింది. ఆ రోజు నుంచి గంగామణికి ఒకటే కోరిక. ఆ నాలుగు మాటలు ఆమెవని లింబాద్రి నోట, మైకులో, ఒక్కసారి రావాలి. కోడలు వినాలి. ఇంకేం వద్దు.

ఆ సభకు ముప్పై ఏళ్లు నిండాయని జిల్లా కేంద్రంలో ఒక పండుగ పెట్టారు. పెద్ద హాలు, పొద్దున పదకొండు గంటలకు. వేదిక వెనక గుడ్డ మీద గంగామణి చరణం రాసి, కింద లింబాద్రి పేరు రాశారు. లసుంబాయి పట్టుబట్టి గంగామణిని తీసుకుపోయింది. లింబాద్రిని చూడాలని రజిత కూడా వెంట వచ్చింది. సాక్ష్యానికని గంగామణి నన్ను చేతిసంచిలో వేసుకుంది. మిషన్ లేకపోతే నేను మూగసాక్షిని. మనుషుల్లోనూ అట్లాంటి వాళ్లున్నారని ఆ రోజు తెలిసింది.

పాట వినిపించి, సభ నడిపే ఆయన మైకులో అడిగాడు: "ఆనాటి ఆ అక్క ఇప్పుడు ఎక్కడుందో!"

లసుంబాయి లేచి నిలబడింది. "యాడనో ఏంది, గీడనే ఉన్నది! లే గంగా!"

గంగామణిని వేదిక ఎక్కించారు. "పాడు అవ్వా" అన్నారు. వాళ్లు వెతికింది అక్కను, వచ్చింది అవ్వ. ఆమె నోరు తెరిచింది. మొదటి మాట గీరుకుంటూ వచ్చింది. రెండో మాటకు దగ్గు అడ్డం పడింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ దగ్గే. వెనక వరసలో ఎవరో అన్నారు: "గీమె నాలుగో అక్క. పోయినేడు గా అక్కను నేనే అనుకుంట ముగ్గురొచ్చిండ్రు." చుట్టూ నవ్వారు.

లింబాద్రి లేచి వచ్చాడు. గడ్డం నెరిసింది. గంగామణి రెండు చేతులూ పట్టుకున్నాడు. వేళ్ల కొసలు చూశాడు. వాటి మీద గీతలు లేవు. నేను ఆమె మోచేతికి వేలాడే సంచిలో, అతనికి జానెడు దూరంలో ఉన్నాను. అతని ఊపిరి ఆగడం విన్నాను. అతనికి తెలిసింది. అందులో అనుమానం లేదు. తర్వాత మైకు వైపు వంగాడు.

"ఆ దినం పాడింది ఈ అక్కనా, ఇంకో అక్కనా అని నేనడుగ. పాట నాది గాదు, ఈమెది గాదు. జనానిది!"

హాలు దద్దరిల్లింది. తన భుజం మీది శాలువా తీసి ఆమెకు కప్పాడు. ఇంకా గట్టిగా కొట్టారు. పాట జనానిదట. నా కాగితం మీద జనం పేరు లేదు మరి.

మెట్లు దింపుతూ, మైకు దూరమయ్యాక, మెల్లగా అన్నాడు: "అక్కా, గా దినమే చెప్పేదుండె. నోరు జారింది. ఇప్పుడు చెప్తే నా ముప్పై ఏండ్లు అబద్దమైతయి."

గంగామణి అతని ముఖంలోకి చూసింది.

"మరి నాయి, తమ్మీ?"

ఎవరో అతన్ని ఫొటోకు పిలిచారు, పోయాడు.

బస్సులో రజిత సంబరపడింది. "ఎంత గొప్పగ మాట్లాడిండు అత్తమ్మా లింబన్న! నిన్ను నవ్వుతుంటె ఇజ్జత్ నిలబెట్టిండు."

"వాని నోట్ల మన్ను వడ" అన్నది లసుంబాయి.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. గంగామణి టేపు రికార్డరు దుమ్ము తుడిచింది. అతను చెప్పకపోతే తనే చెప్పాలనుకుంది. కొన్న క్యాసెట్ మీద ఎవరూ వేరేది నింపకుండా మా వీపున చిన్న కంత వదులుతారు. ఆ కంత ఉంటే నింపే మీట, అదే రికార్డు మీట, కిందికి దిగదు. ఊళ్లో అందరూ దానికి కాగితం కుక్కుతారు. గంగామణి తునికాకు ముక్క కత్తిరించి, మడిచి, బీడీ మూతి మూసినంత పొందికగా కుక్కింది. మీట దిగింది.

ఇక్కడ ఆమె ఒక తప్పు చేసింది. గదుల్లో పాట నేర్చినవాళ్లు చేసే తప్పు కాదు. పాడే గొంతుకు ఇంకో గొంతు కలిస్తే రెండూ వినపడతాయని కార్ఖానా ఆమెకు నేర్పింది. నాలోనూ అంతేననుకుంది. పడుచు గంగామణి పక్కన ముసలి గంగామణి కూర్చుంటుందనుకుంది.

మూడో చరణం చివర చూసుకుని పాడించే మీట, నింపే మీట రెండూ కలిపి నొక్కింది. పాట వినపడడం ఆగింది. నింపేటప్పుడు బయటికి రాదు కాబోలు, లోపల నడుస్తుంటుంది అనుకుంది.

"నేను గంగామణిని. బీడీలు చుట్టేదాన్ని. గీ చరణం నేను కట్టిన. ఇనుండ్రి."

మంచం పట్టె మీద వేళ్లతో వరస కొడుతూ, నాలుగు మాటలూ దగ్గుకు దగ్గుకు నడుమ పాడింది. డప్పుకు చోటు వదిలింది. చప్పట్లు అయిపోయేంత సేపు ఆగింది. అప్పుడు మీట ఎత్తింది.

నాకు అరవాలనిపించింది. నాలో ఇద్దరికి చోటు లేదమ్మా అని. కొత్తది వస్తే పాతది పోవలసిందే, నన్ను చేసిన తీరే అంత. ఆమె ఒక్కో మాట పడుతుంటే దాని కింద సన్నటి గొంతు చెరిగిపోయింది. యార్డు బిగబట్టిన ఊపిరి చెరిగిపోయింది. లింబాద్రి అన్న 'నా చరణం' కూడా చెరిగిపోయింది. అది పోయినందుకు నాకు బాధ లేదు. కాని అతను ఆ మాట అన్నాడనడానికి ఆమె చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే.

వెనక్కి తిప్పి వేసింది. లింబాద్రి మూడు చరణాలు పాడాడు. టక్కుమని చప్పుడైంది. ముసలి గొంతు మాట్లాడింది, దగ్గింది, పాడింది. గంగామణి రెండో గొంతు కోసం తల వంచి కూర్చుంది. రాలేదు. మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే. నాలుగోసారి వేసినప్పుడు రజిత వచ్చి గడపలో నిలబడింది.

"గదేంది అత్తమ్మా? మంచి పాటను ఎవ్వలు కరాబ్ జేసిండ్రు?"

గంగామణి మీట ఎత్తి పాట ఆపింది.

"పోనీ తియ్యి. నా ఫోన్ల మంచిగున్నది."

రజిత ఫోన్లో పాట పెట్టి, అత్త పక్కన మంచం మీద ఉంచి, వంటకు పోయింది. మూడు చరణాలయ్యాక ఇరవై ఎనిమిదేళ్ల గంగామణి గొంతెత్తింది. వంటింట్లోంచి రజిత కూడా ఆమెతో కలిసి పాడింది, ఒక్క మాట తప్పు పోకుండా. "నా చరణం నాకే అందిచ్చినవ్" అన్నాడు లింబాద్రి. చప్పట్లు అయ్యేదాకా గంగామణి విన్నది. తర్వాత నన్ను మిషన్‌లోంచి తీసి పెట్టెలో బట్టల అడుగున పెట్టింది. వీపున కుక్కిన ఆకు తీయలేదు.

పోయిన చలికాలం ఆమె పోయింది. నేను ఆ పెట్టెలోనే ఉన్నాను. లోకం దగ్గర ఆమె గొంతుంది, పేరు లేదు. నా దగ్గర పేరుంది, ఆ గొంతు లేదు. నన్ను ఇప్పుడు ఎవరూ వేయరు. వేస్తే, మూడో చరణం అయ్యాక ఒక ముసలామె దగ్గి, తన పేరు చెబుతుంది.