ఓబుళమ్మ ఉంగరం కోసిన రంపం

నేను ఒక నగల రంపాన్ని. కట్టెలు కోసే రంపాన్ని తలచుకోకండి. దానికీ నాకూ చుట్టరికం పేరువరకే. వంచిన ఉక్కు చట్రం, దాని కొసన కర్రపిడి, చట్రం రెండు కొమ్ముల మధ్య లాగి బిగించిన పళ్ళ తీగ. ఆ తీగ వెంట్రుకంత సన్నం. అది వారానికి ఒకటైనా తెగుతుంది. నేను మాత్రం నలభై ఏళ్ళుగా నిలిచే ఉన్నాను.

ప్రొద్దుటూరులో ఒక కమ్మరి లారీ స్ప్రింగు ముక్కను కాల్చి, సాగదీసి నన్ను వంచాడు. చేయించుకున్న మౌనాచారి పక్కనే నిలబడి, నచ్చలేదని రెండుసార్లు మళ్ళీ కొలిమిలో పెట్టించాడు. అప్పుడు కోపం వచ్చింది కానీ, ఆ పట్టుదల వల్లే ఇంతకాలం వంకర పోలేదు.

ఆయన చేతిలో నేను వడ్డాణాల మీద నెమళ్ళు కోశాను. రేకులో అక్కర్లేనిదంతా నేను తీసేస్తే నెమలి మిగులుతుంది. పెట్టుకున్నవాళ్ళు నెమలిని మెచ్చుకుంటారు, రాళ్ళను మెచ్చుకుంటారు, అద్దంలో తమను తాము ఇంకా ఎక్కువ మెచ్చుకుంటారు. రంపం సంగతి అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.

మౌనాచారికి చూపు పోయింది. కొడుకు నారాయణాచారి అచ్చులో పోసిన ముక్కలు తెప్పించి అతికేవాడు. నాతో పని తగ్గి మేకుకు వేలాడాను. మధ్యాహ్నం అతను తిని పడుకున్నాక, భార్య కామాక్షి నన్ను చప్పుడు కాకుండా దించి రాగిరేకు ముక్కలు కోసేది. మొదట్లో ఎన్ని తీగలు తెంపిందో లెక్కలేదు. ఆరు నెలలకు నా పిడిని పిసకడం మానింది. రంపాన్ని తొయ్యకూడదని, దాని దారిన దాన్ని పోనివ్వాలని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

ఒకరోజు పొద్దున వీధి మూల ఇడ్లీలమ్మే ఓబుళమ్మ ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని వచ్చింది. కట్టెలు తీస్తుంటే వేలి మీద కందిరీగలు కుట్టాయట. ఉంగరానికి అటూ ఇటూ వేలు ఉబ్బి, కొస నీలంగా మారుతోంది.

"ఆస్పత్రిలో ఉంగరాన్ని ముక్కలుగా కత్తిరించేస్తామన్నారు. నా కష్టంతో నేను చేయించుకున్న ఒకే ఒక్క వస్తువు ఇది. నారాయణ యాడ?" అంది.

"మద్రాసుకు పోయినాడక్కా, రాళ్ళ కోసరం," అంది కామాక్షి.

అరుగు మీద కూర్చున్న మౌనాచారి లేచి, తడుముకుంటూ వచ్చి ఓబుళమ్మ చేయి పట్టుకున్నాడు. ఉంగరం మీద తీగతో అల్లిన ఆకుల పనిని బొటనవేలితో చూశాడు. అది ఆయన చేసిందే.

"కామాక్షీ, రంపం తీసుకో."

"నేనా, మామా?"

"మధ్యాన్నం పూట రాగిరేకు కోస్తాంటివి గదా. నాకు కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదు."

కామాక్షి ముఖం ఎర్రబడింది. మేకు మీది నుంచి నన్ను దించింది.

"బంగారం మీద ఎప్పుడూ కోయలేదు మామా. కింద వేలుంది."

"మూడో ఆకు కింద అతుకు పెట్టినా. ఊపిరి ఊది చూడు, గీత కనబడతాది. దాని మీదనే పో. పక్కకు జరిగితే ఆకు తెగుతాది."

ఆమె ఊదింది. ఆవిరి ఆరుతుంటే సన్నని గీత ఒకటి కనిపించింది. నూనె రాసిన పలచటి రాగిరేకును ఉంగరానికీ వేలికీ మధ్య మెల్లగా దూర్చింది. ఓబుళమ్మ పళ్ళు బిగించింది. కామాక్షి కొత్త తీగ బిగించి, మైనం రాసి, నన్ను ఆ గీత మీద ఆనించింది.

నేను ఎన్నో కోశాను. మనిషి వేలి మీద కోయడం అదే మొదలు. ఒక్కో లాగుకు బంగారు రజను చిటికెడు కూడా రాలలేదు. తీగ వేడెక్కినప్పుడల్లా ఆమె ఆపి నీటిచుక్క వేసింది. సగానికి వచ్చాక నన్ను నా దారిన పోనిచ్చింది. నా చప్పుడు వింటున్న మౌనాచారి, "ఇంక చాలు, రాగి తగిలింది," అన్నాడు.

రెండు పట్టకార్లతో ఉంగరాన్ని విప్పేసరికి వేలు నీలం తగ్గి ఊపిరి తీసుకుంది. చర్మం మీద గీత కూడా పడలేదు. ఓబుళమ్మ కామాక్షి గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

మద్రాసు నుంచి వచ్చిన నారాయణాచారి, "నేనే అతికిస్తాలే," అంటూ చెయ్యి చాచాడు. "కోసినది ఆయమ్మ. అతికేదీ ఆయమ్మే," అన్నాడు తండ్రి. కొడుకు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వేలి వాపు తగ్గాక ఓబుళమ్మ వచ్చింది. కామాక్షి అతికి ఇచ్చిన ఉంగరాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "నిజంగా కోసినావా మే?" అంది.

మౌనాచారి చెయ్యి చాచాడు. ఉంగరమంతా బొటనవేలితో ఒకసారి చుట్టి వచ్చాడు. మూడో ఆకు దగ్గర ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ చుట్టి వచ్చాడు. నలభై ఏళ్ళు అతుకులు పెట్టిన వేలు అది.

"అతుకు నాకు దొరకలేదు," అన్నాడు, చాలా సంతోషంగా.