అమ్మ వచ్చింది, బొమ్మ పోయింది

ఉమ్మడి కుటుంబంలాగే కేబుల్‌కు కూడా గొడవంతా జాయింట్ల దగ్గరే. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో వీసీఆర్ పెట్టి, నలభై ఇళ్ళకు తీగ లాగి సినిమాలు చూపిస్తున్న సైదులుకు ఆ ముక్క ఎనభై ఆరు వానాకాలం చెప్పింది. ఒక్క గది కాపురాల చాళ్ళు రెండింటి తీగలు కలిసే చోట, మేడ మీద, బొమ్మకు బలమిచ్చే అతని బూస్టరు డబ్బా ఉంది. టేపు చుట్టాడు, మైనం పూశాడు, ప్లాస్టిక్ సంచి తొడిగాడు. అయినా సినిమా చుక్కలు మెరవాల్సిన తెర మీద వాన చుక్కలే కురిశాయి. ఆదివారం సాయంత్రానికి బొమ్మ రాకపోతే ఫోరస్ రోడ్ కేబులువాడి దగ్గరికి పోతామని నలభై ఇళ్ళూ ఒక్క నోటితో చెప్పేశాయి.

మేనమామ రాజమల్లు తాతల కాలం నుంచీ మేస్త్రీ. నీళ్ళు దిగుతున్నాయంటే సిమెంటు పూసి గిలాబు చెయ్యాల్సిందేనన్నాడు. డబ్బా చుట్టూ మోకాలెత్తు ఇటుకలు పేర్చి, పైన గుమ్మటం తిప్పి, గిలాబు చేసి, సున్నం కొట్టాడు. తీగలు పోవడానికి ముందు చిన్న గూడు వదిలాడు. ఆ రాత్రి కుండపోతగా కురిసినా లోపలికి చుక్క దిగలేదు.

తెల్లవారితే ఆదివారం. ఆషాఢం, బోనాల రోజు. మోకాలెత్తు తెల్ల గుడి కనిపిస్తే మనవాళ్ళు అది ఎవరిదని అడుగుతారా? పోచమ్మదే. వాన బొట్టు పడకూడదని కట్టినదానికి కుంకుమ బొట్టు పడింది. వేపాకు బిందెలతో వరస కట్టి, అమ్మకు సాకగా ఆ నీళ్ళు గూట్లోకి పోశారు. నలభై ఇళ్ళలో బొమ్మ ఆరిపోయింది.

సైదులు మెట్లన్నీ రెండేసి దూకుతూ ఎక్కాడు. బిందెల వరసకు ముందు నిలబడ్డది చాల్‌లో పెద్దామె రత్నాబాయి.

"రత్నవ్వా, లోపల అమ్మ లేదు, మిషిన్ ఉంది."

"మరి చెయ్యి పెడితే జుమ్మన్నది ఎవలురా? మిషిన్‌కు కోపమొస్తదా?"

ఆమెకు కొట్టింది షాకని సైదులుకు అర్థమైంది. కిందికి ఉరికి ముందు కరెంటు పీకాడు. పైకి వచ్చేసరికి వరస రెట్టింపయింది. బొమ్మ పోయిందంటే అమ్మ అలిగినట్టే, చల్లబరచాలంటే ఇంకో బిందె పోయాల్సిందే అని రత్నాబాయి తేల్చింది. అమ్మను చల్లబరిచిన కొద్దీ బూస్టరు చల్లబడింది.

సైదులు సుత్తి తెచ్చి మామ చేతికిచ్చాడు. రాజమల్లు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కట్టింది నేనే. కానీ ఇప్పుడు నాకే భయమైతుందిరా."

మధ్యాహ్నం మూడయింది. సైదులు మంచం కింది పాత బూస్టరు తీసి, ఎక్కడ పెడితే ఎవరూ మొక్కరా అని చాల్ అంతా తిరిగాడు. చివరికి అందరూ చెంబులతో వరస కట్టే సండాసు గోడ కనిపించింది. రేకు చూరు కింద డబ్బా బిగించి, నీళ్ళు తీగ వెంట పాకి లోపలికి రాకుండా జాయింటుకు ముందు తీగను కిందికి వేలాడదీశాడు. అంతలో తాపీ పట్టుకుని తాపీగా రాజమల్లు వచ్చాడు.

"మామా, నీకు దండం పెడత. దీన్ని మాత్రం ముట్టకు."

ఆరింటికి నలభై ఇళ్ళలో బొమ్మ వచ్చింది. అమ్మ చల్లబడిందని చాల్ అంతా మళ్ళీ మేడెక్కింది. రత్నాబాయి పిలిచి సైదులు నెత్తిన కూడా ఒక బిందె పెట్టింది. అతను తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని, చచ్చిన బూస్టరు మీద బిందె మొత్తం వంచాడు. ఆ రోజు అందరికంటే ఎక్కువ నీళ్ళు పోసింది అతనే.